క్రాప్స్‌లో నంబర్‌కు వ్యతిరేకంగా పందెం: గెలిచే ఛాన్సే ఎక్కువ.. మరి పైసలు ఎందుకు పోతాయి? కమీషన్ లెక్క ఇదీ!

చొప్పదండి: మూడుసార్లు పందెం కాస్తే రెండుసార్లు మీరే గెలుస్తారు. ఈ మాట వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. పైగా ఇది అబద్ధం కూడా కాదు. పాచికల ఆట క్రాప్స్‌లో 'లే బెట్' అనే పందెం నిజంగానే అట్లా ఉంటుంది. అయినా ఆడుతూ పోతే చివరికి జేబే ఖాళీ అవుతుంది. ఒకప్పుడు ఈ ఆట చూడాలంటే లాస్ వెగాస్ దాకా పోవాలి. ఇప్పుడు చొప్పదండిలో కూర్చున్నా ఫోన్‌లో అదే టేబుల్ కనిపిస్తోంది. అందుకే దీని వెనకున్న లెక్క తెలుసుకోవడం అవసరం. పదో తరగతిలో చదివిన సంభావ్యత పాఠం గుర్తుంటే చాలు, ఇట్టే అర్థమైపోతుంది.

అసలు ఏంటీ ఆట?

క్రాప్స్ అమెరికాలో పుట్టింది. యూరప్‌లో ఆడే 'హజార్డ్' అనే పాత పాచికల ఆట 19వ శతాబ్దం మొదట్లో న్యూ ఓర్లీన్స్‌కు చేరి ఇట్లా మారింది. రెండు పాచికలు విసురుతారు. వాటి మీద పడ్డ అంకెల మొత్తాన్ని బట్టి గెలుపోటములు తేలుతాయి.

ఇందులో చాలా రకాల పందేలున్నాయి. మనం మాట్లాడుకునేది ఒక నంబర్‌కు వ్యతిరేకంగా కాసే లే బెట్ గురించి. 4, 5, 6, 8, 9, 10లో ఒక నంబర్ ఎంచుకుంటారు. ఆ నంబర్ కంటే ముందు 7 పడితే మీరు గెలిచినట్టు. 7 కంటే ముందు ఆ నంబర్ పడితే పైసలు పోయినట్టు. వేరే ఏ నంబర్ పడ్డా పందెం అట్లనే ఉంటుంది.

7కే బలం ఎందుకు?

రెండు పాచికలు వేస్తే మొత్తం 36 రకాలుగా పడొచ్చు. అందులో 7 వచ్చే దారులే అన్నిటికంటే ఎక్కువ.

* 7 వచ్చే దారులు: 6
* 6 లేదా 8: ఒక్కోదానికి 5
* 5 లేదా 9: ఒక్కోదానికి 4
* 4 లేదా 10: ఒక్కోదానికి 3

4కు వ్యతిరేకంగా పందెం కాశారనుకోండి. తేలేది 7తో లేదా 4తోనే. 7కు 6 దారులు, 4కు 3 దారులు. అంటే 9లో 6 సార్లు, దాదాపు 66.7 శాతం గెలుపు మీదే. ఇదే లెక్కన 5 లేదా 9 మీద 60 శాతం, 6 లేదా 8 మీద 54.5 శాతం గెలిచే ఛాన్స్ ఉంటుంది.

ఆడ్స్ అంటే ఇదీ

గెలిచే ఛాన్స్ ఎక్కువ ఉంటే వచ్చే సొమ్ము తక్కువ ఉంటుంది. అదే ఆడ్స్. లే బెట్‌లో ఇచ్చే ధర ఇట్లా ఉంటుంది:

* 4 లేదా 10: రూ. 400 పెడితే లాభం రూ. 200
* 5 లేదా 9: రూ. 300 పెడితే లాభం రూ. 200
* 6 లేదా 8: రూ. 240 పెడితే లాభం రూ. 200

ఇంతవరకు ఇందులో మోసం లేదు. 4 మీద సగటున మూడు పందేలు చూడండి. రెండుసార్లు గెలిస్తే రూ. 400 వస్తుంది. ఒకసారి ఓడితే రూ. 400 పోతుంది. చెల్లుకు చెల్లు. మరి కాసినోకు మిగిలేదేంటి? అక్కడే కమీషన్ వస్తుంది.

కమీషన్ ఎక్కడ కోస్తారు?

మామూలుగా గెలిచే సొమ్ము మీద 5 శాతం తీసుకుంటారు. పెట్టిన రూ. 400 మీద కాదు, రావాల్సిన రూ. 200 మీద. అంటే పది రూపాయలు. వినడానికి చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ దాన్ని ఎప్పుడు తీసుకుంటారన్నదే అసలు పాయింట్.

కొన్ని టేబుళ్లలో పందెం పెట్టేటప్పుడే కోస్తారు. అప్పుడు మీ చేతి నుంచి పోయేది రూ. 410. గెలిస్తే మిగిలే లాభం రూ. 190, ఓడితే నష్టం రూ. 410. మూడు పందేల్లో రెండు గెలుపులకు రూ. 380 వచ్చింది, ఒక ఓటమికి రూ. 410 పోయింది. మొత్తం మీద రూ. 30 నష్టం, అంటే సగటున పందేనికి పది రూపాయలు. సరిగ్గా కమీషన్ ఎంతో నష్టమూ అంతే.

ఇంకొన్ని చోట్ల గెలిస్తేనే కమీషన్ తీసుకుంటారు. అప్పుడు అదే మూడు పందేల్లో నష్టం రూ. 20కి తగ్గుతుంది. నష్టం తగ్గిందే తప్ప పోలేదు.

మొత్తం లెక్క చూస్తే..

ఆటగాడు పెట్టిన సొమ్ములో సగటున కాసినోకు పోయే వాటా ఇదీ:

* 4 లేదా 10: ముందే కోస్తే 2.44 శాతం, గెలిచాక కోస్తే 1.67 శాతం
* 5 లేదా 9: ముందే కోస్తే 3.23 శాతం, గెలిచాక కోస్తే 2 శాతం
* 6 లేదా 8: ముందే కోస్తే 4 శాతం, గెలిచాక కోస్తే 2.27 శాతం

రెండు శాతమే కదా అనుకోవద్దు. అది ఒక్క పందేనికి. గంటకు వంద సార్లు పాచికలు వేశారనుకుంటే, 4 మీద కాసే పందెం సగటున నాలుగు విసుర్లకోసారి తేలుతుంది. అంటే గంటకు 25 పందేలు. ముందే కోసే టేబుల్‌లో పందేనికి పది చొప్పున గంటకు రూ. 250 పోయినట్టే.

మార్కెట్ యార్డుల చుట్టూ తిరిగినోళ్లకు ఇది కొత్త కాదు. ధర పెరిగినా తగ్గినా అడ్తి కమీషన్ ఆగదు. కాకపోతే అక్కడ సరుకు చేతులు మారుతుంది. ఇక్కడ మారేది మీ పైసలే.

చిన్న పందెం.. పెద్ద కోత

అమెరికాలో చాలాచోట్ల డాలర్ కంటే తక్కువ కమీషన్ తీసుకోరు. 4కు వ్యతిరేకంగా 20 డాలర్లు పెడితే లాభం 10 డాలర్లు. 5 శాతం లెక్కన అర డాలరే పడాలి. కానీ డాలర్ తీసుకుంటే కోత ఏకంగా 10 శాతం అవుతుంది. ముందే కోస్తే కాసినో వాటా 4.76 శాతానికి పెరుగుతుంది. కొద్దిగా ఆడితే కొద్దిగానే పోతుందిలే అనుకునేవాళ్లకు తగిలే దెబ్బ ఇదే.

ఓడింది రాబట్టుకుందామని పందెం డబుల్ చేసేవాళ్లూ ఉంటారు. పందెం డబుల్ అయితే కమీషన్ కూడా డబుల్ అవుతుంది. శాతం మాత్రం మారదు. పైగా రూ. 410 ఓటమిని పూడ్చాలంటే రూ. 190 చొప్పున రెండు గెలుపులు కూడా సరిపోవు, మూడు కావాలి.

'కమీషన్ లేదు' అంటే నమ్మొచ్చా?

కమీషన్ అనే మాట కనిపించకుండానే కోయొచ్చు. రూ. 400కు రూ. 200 ఇవ్వాల్సిన చోట రూ. 180 మాత్రమే ఇస్తే సరి. అప్పుడు కాసినో వాటా 3.33 శాతం. గెలిచాక 5 శాతం కోసే టేబుల్ కంటే ఇది సరిగ్గా డబుల్. కనిపెట్టడం కూడా తేలికే. పెట్టిన సొమ్మును ఆ నంబర్ దారులతో గుణించి 6తో భాగించండి. వచ్చేదే న్యాయమైన లాభం. అంతకంటే ఎంత తక్కువ ఇస్తే అంత కోత ఉన్నట్టు.

ఫోన్‌లో ఇంకో చిక్కుంది. టేబుల్ మీద పాచికలు కళ్లకు కనిపిస్తాయి. యాప్‌లో పడే నంబర్‌ను సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. పైన చెప్పిన లెక్కంతా పాచికలు నిజాయితీగా పడితేనే. అనుమతి లేని యాప్‌లో ఆ గ్యారంటీ ఎవరిస్తారు?

చట్టం ఏం చెప్తోంది?

మన దేశంలో గోవా, సిక్కింలో కాసినోలకు అనుమతి ఉంది. తెలంగాణలో లేదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే ఆటలను కూడా నిషేధించారు. బెట్టింగ్ యాప్‌లపై 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సిట్ ఏర్పాటు చేసింది.

కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం దక్కింది. పైసలతో ఆన్‌లైన్ ఆటలు నడిపించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, రూ. 50 లక్షల వరకు జరిమానా ఉంది.

యాప్‌లో మోసపోయి పైసలు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఆట మానలేక నలిగిపోతుంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడొచ్చు, ఉచితమే.

గెలిచే ఛాన్స్ 66 శాతం అని ఎవరైనా చెప్తే ఒక్కటే అడగండి: గెలిస్తే ఎంత ఇస్తారు, ఓడితే ఎంత పోతుంది? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పందెం ఎవరి కోసం పెట్టారో అర్థమైపోతుంది.