విదేశీయుల రాజ్యాంగ హక్కులు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ పరిసరాలు

భారత రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల్లో కొన్ని పౌరులకే పరిమితం. కొన్ని ఈ గడ్డమీద ఉన్న ప్రతి మనిషికీ చెందుతాయి. చట్టం ముందు సమానత్వం (14వ అధికరణ), ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష పడకుండా రక్షణ (20), ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ (21), అరెస్టయినప్పుడు లాయరును పెట్టుకునే హక్కు (22), మత స్వేచ్ఛ (25) విదేశీయులకూ వర్తిస్తాయి. భావ ప్రకటన, దేశంలో నచ్చినచోట స్థిరపడటం (19), ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం (16) పౌరులకే ఉన్నాయి. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. అందువల్ల చదువుకోవడానికి వీసాతో వచ్చినవారైనా, ప్రాణభయంతో సరిహద్దు దాటినవారైనా చట్టం దృష్టిలో విదేశీయులే.

న్యాయ నేపథ్యం

విదేశీయులను దేశం నుంచి పంపించే అధికారం కేంద్రానికి సంపూర్ణంగా ఉందని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను అది ఇప్పటికీ వదల్లేదు. అయితే, ఉన్నన్నాళ్లూ వారి ప్రాణాన్ని కాపాడాల్సింది రాజ్యమేనని 1996లో అరుణాచల్ ప్రదేశ్ చక్మాల కేసులో తేల్చింది. హౌరా స్టేషన్‌లో అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళకు రైల్వే 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాల్సిందేనని 2000లో చంద్రిమా దాస్ కేసులో స్పష్టం చేసింది. ఆ తర్వాత వచ్చిన వాదనలన్నీ ఈ రెండు ధోరణుల మధ్యే నడుస్తున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు

21 ఫిబ్రవరి 2013 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర బాంబులు పేలి 18 మంది చనిపోయారు. దోషులుగా తేలిన ఐదుగురిలో జియా ఉర్ రహమాన్ అలియాస్ వకాస్ పాకిస్తానీయుడు. హక్కులు విదేశీయులకు ఎందుకన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిగా ఎదురయ్యే సందర్భం ఉండదు. అయినా ఎన్ఐఏ ప్రత్యేక న్యాయస్థానంలో మిగతా నలుగురికి జరిగినట్టే అతనికీ విచారణ జరిగింది. అతని తరఫున లాయర్లు సాక్షులను ప్రశ్నించారు. డిసెంబర్ 2016లో ఐదుగురికీ ఉరిశిక్ష పడింది. కింది కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు చేయకూడదు. తెలంగాణ హైకోర్టు ఆ పని 8 ఏప్రిల్ 2025న చేసింది. కన్నవారిని, బిడ్డలను పోగొట్టుకున్న ఇళ్లకు పన్నెండేళ్ల నిరీక్షణ పెద్ద శిక్షే. కానీ విచారణ సక్రమంగా జరగబట్టే ఆ తీర్పుకు బలం వచ్చింది.

బాలాపూర్ రోహింగ్యాలు

లడ్డూ వేలంతో తెలుగువారందరికీ తెలిసిన బాలాపూర్ ఎల్‌బీ నగర్‌కు నైరుతిలో ఉంది. మండలాల విభజనకు ముందు ఇది సరూర్‌నగర్ మండలంలోనిదే. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టంతో ఏ దేశానికీ చెందనివారైపోయిన రోహింగ్యాలు, 2012 రఖైన్ అల్లర్ల తర్వాత బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ వైపు చేరారు. రేకులు, టార్పాలిన్లు కప్పిన గుడిసెల్లో ఉంటూ చెత్త ఏరుకుని, కూలికి వెళ్లి బతుకుతున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డే వారికున్న గుర్తింపు. ఆ కార్డుకు మన చట్టంలో స్థానం లేదు.

ఫిబ్రవరి 2020లో ఆధార్ సంస్థ హైదరాబాద్ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చింది. పౌరసత్వం రుజువు చేసే అసలు పత్రాలతో బాలాపూర్ రాయల్ కాలనీలోని ఒక ఫంక్షన్ హాలుకు రమ్మని వాటిలో ఉంది. తప్పుడు పత్రాలతో ఆధార్ పొందారని పోలీసులు చెప్పినందునే పంపామని, ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆ సంస్థే తర్వాత వివరించింది. ఆధార్ ఇచ్చేది నివాసులకు. పౌరసత్వాన్ని తేల్చే అధికారం దానికి లేదు. తనకు లేని అధికారాన్ని ఒక కార్యాలయం నోటీసులో రాస్తే, దాన్ని అందుకున్న పేదవాడు ఎవరిని అడగాలి? ఇక్కడ అక్కరకు వచ్చేది 14వ అధికరణే.

8 ఏప్రిల్ 2021న సలీముల్లా కేసులో సుప్రీంకోర్టు 14, 21 అధికరణలు రోహింగ్యాలకూ వర్తిస్తాయని అంగీకరించింది. దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు మాత్రం పౌరులకే ఉన్న 19వ అధికరణతో ముడిపడిందని చెప్పింది. నిర్ణీత పద్ధతి పాటించి పంపవచ్చంది. పంపిన చోట ప్రాణాలు పోయే ప్రమాదం ఉంటే 21వ అధికరణ ఇచ్చిన రక్షణకు అర్థమేమిటన్న ప్రశ్నకు ఆ ఉత్తర్వులో సరైన జవాబు లేదు. పిల్లల విషయంలో దారి కొంత తెరుచుకుంది. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులకు వెళ్లి అడగవచ్చని, చేర్చుకోకపోతే హైకోర్టుకు పోవచ్చని 28 ఫిబ్రవరి 2025న ఢిల్లీకి సంబంధించిన కేసులో అదే కోర్టు చెప్పింది. 1 సెప్టెంబర్ 2025 నుంచి 1946 విదేశీయుల చట్టం స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. విదేశీయుడిని కానని రుజువు చేసుకోవాల్సిన భారం ఇందులోనూ ఆ మనిషి మీదే ఉంది.

అమెరికాలో తెలుగు విద్యార్థులు

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లోని హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుని అమెరికా వెళ్లే పిల్లలు అక్కడ విదేశీయులవుతారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మోసం బయటపడినప్పుడు, అందులో చేరిన తెలుగు విద్యార్థుల్లో కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లో అమెరికా అధికారులే వలగా నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో మొదటి విడతలోనే 129 మంది భారతీయులను పట్టుకున్నారు. ఎక్కువమంది తెలుగువారు. అమెరికా రాజ్యాంగ రక్షణ పౌరులు కానివారికీ ఉందని 1886లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయరును ఇవ్వదు, సొంత ఖర్చుతో పెట్టుకోవాలి. తెలుగు సంఘాలు ముందుకొచ్చి ఆ సాయం చేశాయి. కట్టిన ఫీజుల కోసం ఒక విద్యార్థి వేసిన దావాను విచారించాల్సిందేనని 2024లో అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. మన పిల్లలకు అక్కడ ఏ న్యాయం కావాలని అడిగామో, బాలాపూర్‌లో ఉన్నవారికి ఇక్కడ అదే న్యాయం అందాలి.

న్యాయ సహాయం

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఉచితంగా లాయరును పొందవచ్చు. చట్టంలో పౌరసత్వ షరతు లేదు. రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎల్‌బీ నగర్ జిల్లా కోర్టుల ప్రాంగణంలోనే ఉంది.