మేనరికం – పెండ్లికి ముందు రక్తపరీక్ష

కడప జిల్లాలోని తుమ్మలపల్లె వంటి మెట్టగ్రామాలున్న రాయలసీమలో మేనరికం తరతరాల ఆచారం. పిల్ల ఎరిగిన ఇంటికే పోతుందనీ, ఉన్న కొద్దిపాటి చేను చీలిపోదనీ పెద్దల ఆలోచన. వానను నమ్ముకున్న సేద్యంలో ఇవి చిన్న కారణాలు కావు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆచారంపై శాస్త్రదృష్టి ప్రసరించినది. 1902లో ఆంగ్ల వైద్యుడు గ్యారడ్, మూత్రాన్ని నల్లబరచే ఆల్కాప్టోనూరియా అనే అరుదైన వ్యాధి దగ్గర చుట్టాలైన దంపతుల బిడ్డలలో ఎక్కువగా కనిపిస్తున్నదని గమనించాడు. 1957లో హాల్డేన్ మహాశయుడు కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. ఆయన శిష్యుడు, పిఠాపురవాసి ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1960 ప్రాంతంలో ఆంధ్రదేశపు మేనరికాలను పరిశీలించి ఫలితాలు ప్రకటించాడు.

ఇందులోని లెక్క సులభమే. మేనమామలో దాగియున్న దోషజన్యువు మేనకోడలిలోనూ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. బావామరదళ్ళలో ఎనిమిదింట ఒకటి. ఇట్టివారిని వాహకులంటారు. వాహకులు ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం దోషాన్ని పుట్టించదు, దాగియున్నదానిని బయటపెడుతుంది. తలసీమియా, కొడవలికణ వ్యాధుల వాహకులను రక్తపరీక్షతో గుర్తించవచ్చు. అన్ని వంశపారంపర్య వ్యాధులకూ ఒకే పరీక్ష లేదు.

మరి వధూవరులు పరీక్షకు ఎందుకు వెనుదీస్తారు? ఖర్చు ఒక్కటే కారణం కాదు. సంబంధం తప్పిపోతుందనీ, నింద పిల్లమీద పడుతుందనీ భయం. జాతకం చూపించిన పెద్దలే రక్తం చూపించుటకు సంకోచిస్తారు.

ఈ భయానికి సైప్రస్ ద్వీపం ఒక దారి చూపినది. 1980 దశకపు మొదట్లో అక్కడి చర్చి, తలసీమియా పరీక్ష అయినట్లు పత్రం లేనిదే పెండ్లి జరిపించలేదు. పత్రంలో పరీక్ష, సలహా జరిగినట్లు మాత్రమే ఉండేది. ఫలితం వధూవరులకే తెలిసేది. ఇద్దరూ వాహకులైన జంటలలో అత్యధికులు పెండ్లి మానుకోలేదు. గర్భస్థశిశు పరీక్షను ఆశ్రయించారు. వ్యాధితో పుట్టే బిడ్డల సంఖ్య దాదాపు సున్నకు దిగినది.

మన దేశంలో 2023 జులై 1న కొడవలికణ రక్తహీనత నిర్మూలన ఉద్యమం ఆరంభమైనది. గిరిజన ప్రాంతాలలో ముందుగానే పరీక్షించి, ఫలితాన్ని తెలిపే కార్డులివ్వడం అందులో భాగం.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. అందరికీ సమానంగా, గుట్టుగా, తాంబూలాలు మార్చుకొనుటకు ముందే జరిగే పరీక్షకు జనం జంకరు. నిశ్చయమైన తరువాత మాట వెనుకకు తీసుకొనుట ఏ ఇంటికైనా కష్టమే. కనుక ఈ నాలుగింట ఒకటి లెక్కను పిల్లలు మొదట నేర్వవలసిన చోటు పెండ్లిపందిరి కాదు, ఉన్నత పాఠశాల.