పదిహేను నిమిషాలే అన్న డాక్టరు

కార్తీకం వచ్చిందంటే విశాఖ పూర్ణా మార్కెట్‌లో అయ్యప్ప మాల వేసిన నల్లబట్టల కళాసీలు కనిపిస్తారు. తెల్లవారకముందే లారీ దిగే ఉల్లి బస్తాలు అవే, టమాటా ట్రేలు అవే. పిలుపే మారుతుంది. నిన్నటిదాకా "ఒరే" అన్న షావుకారు "సామీ, ఆ బస్తా ఇటు దింపండి" అంటాడు. సాయంత్రం వైన్ షాపు వైపు మళ్లే కాళ్లు భజనకి మళ్లుతాయి. 41 రోజులు చుక్క ముట్టరు. కొండకెళ్లొచ్చి మాల తీశాక కొందరు ఆ రాత్రికే మళ్లీ మొదలెడతారు. "మానగలడు, కావాలనే మానడు" అని ఇంట్లో ఆడవాళ్లు తిట్టిపోస్తారు. ఆ తిట్టులో సగమే న్యాయముంది. అన్నాళ్లూ ఆపింది భక్తి ఒక్కటే కాదు, పక్కన కూర్చుని తిన్న తోటి స్వాములు కూడా. మాలతోపాటు వాళ్లూ దూరమవుతారు.

మాల తీసినా విడిపోని గుంపు ఒకటి ఉంది. పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ. అది పుట్టింది 1935లో, మన ఓడరేవు తెరుచుకున్న రెండేళ్లకి. దాన్ని కనిపెడదామని ఎవరూ పనిగట్టుకుని కూర్చోలేదు.

బిల్ విల్సన్ న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారి. తాగి తాగి ఆస్పత్రుల పాలయ్యాడు. 1934 డిసెంబరులో ఎలాగో మానాడు. మానినవాడు ఊరుకోలేదు, కనిపించిన తాగుబోతుకల్లా దేవుడి గురించి బోధించాడు. ఐదారు నెలలు తిరిగినా ఒక్కడూ మానలేదు. అతను మాత్రం తాగలేదు. ఆ సంగతి భార్య లోయిస్ ఎత్తిచూపేదాకా అతనికి తట్టనే లేదు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్ ఇంకో మాట చెప్పాడు: ఉపన్యాసాలు కట్టిపెట్టు, ముందు ఈ జబ్బు నిన్ను ఏం చేసిందో చెప్పు.

1935 మేలో బిల్ ఒక వ్యాపారం పనిమీద ఓహైయో రాష్ట్రంలోని ఆక్రన్ వెళ్లాడు. పని చెడింది. జేబులో డబ్బులు అంతంత మాత్రం. మేఫ్లవర్ హోటల్ లాబీలో నిలబడ్డాడు. ఒక పక్క బారులోంచి నవ్వులు, ఇంకో పక్క టెలిఫోను, ఊళ్లోని చర్చిల జాబితా. టెలిఫోను వైపు నడిచాడు. ఆరోజు అతనికి కావాల్సింది తనని ఓదార్చే మనిషి కాదు, తను మాట్లాడ్డానికి ఇంకో తాగుబోతు. ఈ కథ మొత్తంలో అసలు ఆవిష్కరణ ఇదే అని నా లెక్క. పాస్టరుకు ఫోను చేస్తే, ఆ మాటా ఈ మాటా పట్టుకుని కబురు హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దాకా చేరింది. తాగుడుకి బానిసైన సర్జన్ బాబ్ స్మిత్‌ని ఆవిడ ఎరుగును.

మే 12 సాయంత్రం డాక్టరు ఆవిడ ఇంటికొచ్చాడు, పదిహేను నిమిషాలే ఉంటానని షరతు పెట్టి. తిరిగి వెళ్లేసరికి రాత్రి పదకొండు దాటింది. అంతకుముందు అతనికి నీతులు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. తాగుడు లోపల్నుంచి తెలిసి మాట్లాడినవాడు బిల్ ఒక్కడే.

అంతటితో అయిపోలేదు. వైద్యుల మహాసభకని వెళ్లి డాక్టరు మళ్లీ తాగొచ్చాడు. జూన్ 10న ఆపరేషన్ చేయాలి, చేతులు వణుకుతున్నాయి. చేతులు కుదుటపడాలని బిల్లే ఒక సీసా బీరు ఇచ్చాడు. డాక్టరు తాగిన చివరి సీసా అదే. ఏఏ పుట్టిన రోజుగా లెక్కేసేదీ ఆ తేదీనే. (అది చూసి ఇంట్లో వైద్యం మొదలెట్టకండి. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగినవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు ఆస్పత్రి, తర్వాతే మీటింగు.)

తర్వాత ఇద్దరూ ఆక్రన్ ఆస్పత్రిలో మంచం మీదున్న ఒక లాయరు దగ్గరికెళ్లారు. అతను మూడోవాడు. 1939లో పుస్తకం వేశారు, ఆ పేరే గుంపుకీ స్థిరపడింది. 1941లో ఒక పెద్ద పత్రికలో వ్యాసం వచ్చాక, రెండు వేలున్న సభ్యులు ఏడాది తిరిగేసరికి ఎనిమిది వేలయ్యారు. మొదట్లో ఒక్కో గుంపుకి ఒక్కో నిబంధనల చిట్టా ఉండేది. అన్నీ కలిపి అమలు చేస్తే ఒక్కడికీ ప్రవేశం దొరకదని తేలి, చివరికి ఒక్కటే ఉంచారు: మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. 1950లో క్లీవ్‌లాండ్‌లో ఏఏ మహాసభ ఈ పద్ధతులకి ఆమోదం తెలిపింది.

మన దేశానికి ఇది 1957లో వచ్చింది. మనవైపు తాగుడు మీద పోరాటం వేరే దారి పట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. దుకాణం మూయించడం ఎంత కష్టమో ఆ ఉద్యమం చూపించింది. మానినవాడి సాయంత్రాల సంగతి మాత్రం అందులో పట్టలేదు.

మీటింగు ఎక్కడుందో తెలియాలంటే డీ-అడిక్షన్ వార్డులో అడగడం తేలిక. 14446కి ఫోను చేసినా చికిత్స దొరికే చోటు చెబుతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీటింగు మామూలుగా గంటో గంటన్నరో. తన పేరు, తను తాగుబోతునన్న మాట చెప్పి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలివ్వరు. కొత్తవాడు నోరు విప్పకుండా కూర్చున్నా తప్పులేదు. జీవితాంతం మానతానని ఒట్టు వేయించరు. ఇవాళ్టికి తాగకపోతే చాలంటారు. ఓపెన్ మీటింగుకి ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు. వాళ్లకోసమే అల్-అనాన్ అని వేరే గుంపు ఉంది, దాన్ని 1951లో మొదలెట్టినవాళ్లలో లోయిస్ ఒకరు. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టు పడినవాడికి సాయంత్రం మీటింగు అందదు. అలాంటివాళ్లు ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగుల్లో కూర్చోవచ్చు, లేదా అదే షిఫ్టులో మానాలనుకునే ఇంకొకణ్ణి వెతుక్కోవచ్చు. ఏఏ లెక్కలో గుంపు అనడానికి ఇద్దరు చాలు.