ఫోర్క్ చేశాక మొదలయ్యే చాకిరీ

క్లౌడ్‌ను నడిపే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఫోర్క్ చేయడానికి, అంటే కోడ్ మొత్తం కాపీ చేసుకుని సొంత దారి పట్టడానికి, నిమిషం చాలు. చాకిరీ అంతా ఆ తర్వాతే. మూల ప్రాజెక్టు కొత్త వెర్షన్ తెచ్చిన ప్రతిసారీ సొంత మార్పులను దాని మీద మళ్లీ కూర్చాలి, పరీక్షించాలి, భద్రతా లోపాలు పూడ్చాలి, విడుదల చేయాలి. ఎవరెవరు నిలబడ్డారో, ఎవరు అలసిపోయారో ఈ చాకిరీ వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది.

కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో నెబ్యులా అనే క్లౌడ్‌ను మొదట యూకలిప్టస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టారు. శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో పుట్టిన యూకలిప్టస్‌లో కొంత కోడ్ అందరిదీ, కొంత డబ్బు కట్టినవారిదీ. తమకు కావలసినట్టు దాన్ని మలుచుకునే వీల్లేక నాసా ఇంజినీర్లు పైథాన్‌లో ‘నోవా’ అనే సొంత క్లౌడ్ సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. 2010 జులైలో ర్యాక్‌స్పేస్ సంస్థ తన స్టోరేజీ సాఫ్ట్‌వేర్ ‘స్విఫ్ట్’‌ను దానికి జత చేసింది. అలా ఓపెన్‌స్టాక్ పుట్టింది. ఆ అక్టోబరులోనే ‘ఆస్టిన్’ పేరుతో తొలి విడుదల వచ్చింది.

కొద్దికాలానికే ఓపెన్‌స్టాక్ ఆరు నెలలకో విడుదలకు అలవాటు పడింది. సొంత మార్పులతో నడిపే కంపెనీలకు అక్కడే ఊపిరాడలేదు. బిల్లింగ్ కోసం ఒక ప్యాచ్ (కోడ్ సవరణ), పాత నెట్‌వర్కు పరికరాల కోసం ఇంకొకటి, లాగిన్ పద్ధతి కోసం మరొకటి. ఒక్కో ప్యాచ్ చిన్నదే. కానీ ఒక విడుదల వదిలేస్తే తర్వాతి దానికి చేరడం మరింత కష్టం, రెండు వదిలేస్తే ఇంకా కష్టం. అప్పు మీద చక్రవడ్డీ పెరిగినట్టే. భద్రతా లోపం బయటపడ్డప్పుడు మూల ప్రాజెక్టు ఇచ్చే సవరణ పాత కోడ్‌కు అతకదు. చేత్తో తిరగరాయాల్సిందే. చివరికి ఓపెన్‌స్టాక్ కూడా దిగొచ్చింది. 2023.1 విడుదల నుంచి మధ్యలో ఒకదాన్ని దాటేసి ఏడాదికోసారి అప్‌గ్రేడ్ అయ్యే పద్ధతి తెచ్చింది.

ఈ కష్టాన్ని లినక్స్ పంపిణీదారులు అందరికంటే ముందే చవిచూశారు. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో మార్పులను కోడ్‌లో కలిపేయకుండా వేరే ఫైళ్లుగా, వరుసగా దాస్తారు. ఒక్కో ప్యాచ్ పైభాగంలో ఎవరు రాశారు, ఎందుకు, మూల ప్రాజెక్టుకు పంపారా లేదా అన్న వివరాలు రాసే సంప్రదాయం ఉంది. ఆ చివరి గడి చాలా విలువైనది. ‘పంపాం, తీసుకున్నారు’ అని ఉంటే వచ్చే విడుదలలో ఆ ప్యాచ్‌ను కొట్టేయొచ్చు. రెడ్‌హ్యాట్ ‘ముందు అప్‌స్ట్రీమ్’ అనే నియమం పెట్టుకున్నదీ ఇందుకే: మార్పు మొదట మూల ప్రాజెక్టులో చేరాలి, ఆ తర్వాతే తమ ఉత్పత్తిలోకి రావాలి.

సొంత మార్పుల బరువుకూ, వాటిని మూల ప్రాజెక్టుకు చేర్చే తీరుకూ జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ మంచి ఉదాహరణ. 2013 జులైలో అక్కడ ఓపెన్‌స్టాక్ పూర్తిస్థాయి వాడకంలోకి వచ్చింది. సెర్న్‌కు సొంత నెట్‌వర్కు డేటాబేసు ఉంది. ప్రతి యంత్రం అందులో నమోదు కావాలి కాబట్టి నోవా నెట్‌వర్కు భాగానికి సొంత మార్పులు చేసుకోక తప్పలేదు. ఆ భాగాన్ని మూల ప్రాజెక్టు 2016లో పక్కన పెట్టేసింది. వేల యంత్రాలు ఆపకుండా కొత్త నెట్‌వర్కు భాగం ‘న్యూట్రాన్’‌కు విడతలుగా మారడం సెర్న్ ఇంజినీర్ల తలకు చుట్టుకుంది. వాళ్లు ముడుచుకుపోలేదు. భారీ క్లౌడ్‌ను విభాగాలుగా నడిపే ‘సెల్స్’ రెండో రూపం మీద నోవా బృందంతో కలిసి పనిచేశారు. తమ అవసరాన్ని అందరి కోడ్‌గా మార్చిన తీరు మెచ్చుకోదగ్గది.

2020 తర్వాత కథ తిరగబడింది. అంతకుముందు కంపెనీలు అవసరం కొద్దీ చీలేవి. ఇప్పుడు లైసెన్సు మారడంతో చీలక తప్పలేదు. 2021లో సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ నుంచి ఓపెన్‌సెర్చ్, 2024లో డేటాబేసు రెడిస్ నుంచి వాల్కీ విడిపోయాయి. మధ్యలో, 2023 ఆగస్టు 10న, క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాసుకునే పనిముట్టు టెర్రాఫామ్ లైసెన్సును దాని తయారీ సంస్థ హ్యాషికార్ప్ మార్చేసింది. పోటీ సేవలకు దాన్ని వాడకుండా కట్టడి పెట్టింది. సెప్టెంబరు 20 నాటికి దాని ఫోర్క్ ‘ఓపెన్‌టోఫు’ లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. 2024 జనవరి 10న స్థిరమైన 1.6 వెర్షన్ విడుదలైంది.

ఓపెన్‌టోఫు పనితనం దగ్గర్నుంచి చూడదగ్గది. ఆదేశం పేరు ‘టోఫు’ అయింది. కానీ కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ‘టెర్రాఫామ్’ బ్లాక్‌ను అలాగే ఉంచారు. ఎవరి పాత ఫైళ్లూ పనిచేయకుండా పోకూడదుగా! ప్లగిన్లు, మాడ్యూళ్లు దొరికే టెర్రాఫామ్ రిజిస్ట్రీ నిబంధనలు మారడంతో సొంత రిజిస్ట్రీ కట్టుకున్నారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, లైసెన్సు మారాక వచ్చిన టెర్రాఫామ్ కోడ్‌ను ముట్టుకోకూడదు. రెండింటిలోనూ ఉన్న లోపాన్ని సరిదిద్దాలన్నా సొంతంగా రాసుకోవాల్సిందే. 2024 ఏప్రిల్‌లో ఓపెన్‌టోఫులోని ‘రిమూవ్డ్’ బ్లాక్ కోడ్ తమదేనంటూ హ్యాషికార్ప్ నోటీసు పంపింది. పాత లైసెన్సు కింద ఉన్న కోడ్ నుంచే దాన్ని తయారుచేశామని ఓపెన్‌టోఫు బృందం ఆధారాలతో బహిరంగంగా బదులిచ్చింది. ఏ వరుస ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో చరిత్ర భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

ఆ నెలాఖరులోనే వచ్చిన 1.7, వాడుకదారులు ఏళ్లుగా అడుగుతున్న స్టేట్ ఎన్‌క్రిప్షన్‌ను (క్లౌడ్ ప్రస్తుత స్థితిని దాచే ఫైలును గుప్తీకరించడాన్ని) ఇచ్చింది. 1.8లో ‘టోఫు’ పొడిగింపుతో వేరే ఫైళ్లు వచ్చాయి. దాంతో మాడ్యూల్ రాసేవారు ఒకే చోట టెర్రాఫామ్, ఓపెన్‌టోఫు రెండింటికీ వేర్వేరు కోడ్ పెట్టుకోగలుగుతున్నారు.