నాట్యకళాశాలలో గురువులను వెదకుట

పూర్వము నాట్యశిష్యులు గురుగృహమున వసించి, ఆ గురువునే సేవించి విద్య గడించెడివారు. కళాశాలకు పోవు నేటి బాలిక యెవరి నాశ్రయింపవలెను? మదరాసు చరిత్రమున దీనికొక సమాధానము కలదు.

రుక్మిణీదేవి మొదట మైలాపూరు గౌరి అమ్మాళ్ కడను, పిదప పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లె కడను నాట్యము నభ్యసించి, 1936లో అడయారున కళాక్షేత్రమును నెలకొల్పెను. ఆ యిరువురు గురువులను అచ్చటికి రప్పించెను. పిళ్లెగారు బాలికలకు జతులును అడుగులును నేర్పిరి. గౌరి అమ్మాళ్‌గారు అభినయము నేర్పిరి. ఒకరి వలన పాదము, మఱియొకరి వలన ముఖము పండినవి.

గౌరి అమ్మాళ్ కపాలీశ్వరాలయపు దేవదాసి. దేవదాసీల యాటను చూచుటయే అగౌరవమని పెద్దమనుషులు పలువురు తలచిన కాలమది. దేవాలయములకు బాలికల నర్పించుటను మదరాసు రాజధానిలో 1947 నాటి శాసనము నిషేధించెను. ఆ దురాచారము తొలగుట మేలే. కాని విద్యకు దోషము లేదు. దాని నెఱిగిన వృద్ధురాలికిని దోషము లేదు. మన యాంధ్రదేశమునను నటరాజ రామకృష్ణగారు వృద్ధులైన కలావంతుల కడకు పోయి, వారి యాలయనృత్యమును ఆంధ్రనాట్యమను పేర నిలిపిరి.

బడిపంతులుగా నేను విన్నవించునది ఇంతియే: మీ మనుమరాలు నాట్యకళాశాలకు పోవునెడల, పట్టా నిచ్చువారితో తృప్తి పడక, విద్య నెఱిగిన వృద్ధులను వెదకుమని చెప్పుడు. ఆ గడప యెవరిదని యడుగకుడు.