విగ్రహము లేని స్తంభము

ఐర్లండు దేశము నడిబొడ్డున, ఆఫలీ మండలములో, కామ్‌కర్ అను చిన్న యేటి యొడ్డున బిర్ అను పట్టణము కలదు. ఆ యూరి కూడలిలో ఒక యున్నతమైన శిలాస్తంభము నిలిచియున్నది. దానిపై విగ్రహము లేదు. అంగడికి పోవు గృహిణులును, బడి విడిచి పరుగెత్తు పిల్లలును దినదినము దాని నీడలోనే మసలుచుందురు గాని, నిత్యము కంటబడు వస్తువగుటచే దానివంక తలయెత్తి చూచువారు అరుదు. అయినను ఆ పట్టణచరిత్రను తెలియగోరువారు మొదట చదువవలసిన పుట ఆ శూన్యశిఖరమే యని నా నమ్మకము.

1746లో స్కాట్లండునందలి కలోడెన్ రణభూమిలో తిరుగుబాటుదారులను నిర్దయముగా నణచివేసిన కంబర్లండ్ డ్యూకు గౌరవార్థము మరుసటి యేడు ఈ స్తంభమును నెలకొల్పిరి. కూడలికి సైతము అతని పేరే పెట్టిరి. దానిపైనున్న డ్యూకు విగ్రహము కాలక్రమమున శిథిలమై క్రింద నడచువారికి అపాయకరము కాగా, 1915లో దానిని దించివేసిరి. ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడి 1803లో ఉరికంబమెక్కిన రాబర్ట్ ఎమ్మెట్ పేరు నేడు ఆ కూడలికి చెల్లుచున్నది. జయించినవాడు దిగిపోయెను, ఓడి ప్రాణమిచ్చినవాని పేరు నిలిచెను. రాయి మాత్రము ఉన్నచోటనే యున్నది.

ఊరి పేరు కథయు నిట్టిదే. 1620లో ఈ సీమ సర్ లారెన్స్ పార్సన్స్ వశమైన పిదప చిరకాలము ఇది పార్సన్స్‌టౌన్ అని వ్యవహరింపబడి, మరల తన పూర్వనామమునే చేరుకొన్నది. పైమార్పు క్రింద పాతది నిలిచియుండుట దేశమంతటను కానవచ్చును. ఐర్లండు వీధులలోని తపాలా పెట్టెలను చూడుడు: స్వాతంత్ర్యము వచ్చినపుడు వాని యెరుపు రంగుపై ఆకుపచ్చ రంగు పూసిరే గాని పెట్టెలను పెరికివేయలేదు, వానిలో కొన్నింటిపై విక్టోరియా రాణి నామాక్షరములు ఆ పచ్చదనము క్రింద నేటికిని ఉబ్బెత్తుగా కనబడుచుండును.

పార్సన్స్ వంశీయులు రాకముందే ఈ యూరికి వేయేండ్ల ప్రతిష్ఠ యుండెను. ఆరవ శతాబ్దమున బ్రెండన్ అను సాధువు ఇచట మఠమును స్థాపించెను. 697లో అయోనా మఠాధిపతి యగు ఆదమ్నాన్ రాజులను, మతాచార్యులను ఇచటనే సమావేశపరచి, యుద్ధములలో స్త్రీలకును, శిశువులకును, మతాచార్యులకును హాని చేయరాదని శాసనము చేయించెను. తొంబది యొక్క మంది దానికి పూటపడిరి. రణమున సైతము నిరపరాధులను రక్షింపవలెనను ధర్మము ఇంత చిన్న యూరిలో, అంత పూర్వకాలమున శాసనరూపము దాల్చుట తలచుకొన్నపుడు హృదయము పులకరించును.

అటుపై పదకొండు శతాబ్దములు గడచినపిమ్మట ఈ యూరివారి చూపు ఆకాశము నంటెను. మూడవ రాస్ ప్రభువగు విలియం పార్సన్స్, తన భార్య మేరీ తెచ్చిన ధనము తోడ్పడగా, తన కోట యావరణములోనే మహాదూరదర్శినిని నిర్మింప బూనుకొనెను. రాగియు తగరమును కలిపి, ఆ సీమ బురదనేలలనుండి త్రవ్వి యెండబెట్టిన పీటు మంటలతో కరగించి, ఆరడుగుల వ్యాసముగల దర్పణమును పోతపోయించెను. ఈ పనికి ఆయన విదేశములనుండి నిపుణులను రప్పింపక, ఊరి శ్రామికులకే విద్య గరపి వారిచేతనే చేయించుట విశేషము. 1845లో ఆ యంత్రమున చూచినపుడు, సుదూర నీహారికయొకటి సుడి తిరిగిన శంఖమువలె తొలిసారిగా మానవనేత్రమునకు గోచరించెను. ఆ యేడే బంగాళాదుంప పైరుకు తెగులు సోకి మహాక్షామము దేశమును క్రమ్ముకొనగా, ప్రభువు నక్షత్రములను విడిచి ఆకలిగొన్నవారి వంక తిరుగవలసివచ్చెను. 1917 వరకు పరిమాణమున ఆయన యంత్రమును మించిన దూరదర్శిని ప్రపంచమున లేకుండెను. పిదప పాడుపడిన ఆ యంత్రమును ఇరువదవ శతాబ్దాంతమున పునరుద్ధరించిరి.

ప్రభువుల కీర్తి యిట్లుండగా, జనసామాన్యపు కీర్తియు ఈ యూరికి కొరవడలేదు. ఐరిష్ జాతీయక్రీడ యగు హర్లింగునందు అఖిల ఐర్లండు పోటీల తొట్టతొలి తుదియాట 1888 ఏప్రిల్ 1న బిర్‌లోనే జరిగెను. టిపరరీ పక్షమువారు గాల్వే పక్షమువారిని జయించిరి. అప్పటికి డ్యూకు విగ్రహము ఇంకను స్తంభముపైననే యుండెను. పరపాలనలో తమ యాటను తాము నిలుపుకొనిన ఆ జనులకును, శిఖరముననున్న ఆ విజేతకును నడుమ నున్నది ఒకే యూరి గాలి.

ఆ స్తంభముపై వేరొక విగ్రహమును నిలుపకుండుట నాకు మిక్కిలి ప్రియమైన విషయము. క్రొత్త విగ్రహమే యున్నచో పిల్లవాడు దాని పేరు చదివి సాగిపోవును. ఏమియు లేనందున ఏనాడో యొకనాడు తాత చేయి పట్టుకొని, “పైన ఎవరుండెడివారు?” అని యడుగును, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పబూనిన తాత కలోడెన్ మొదలుకొని ఎమ్మెట్ వరకును చెప్పక తీరదు.