పాత బండి హ్యాండిల్ వణుకుతోందా? ముందు షాకప్‌లు ఇలా సరిచేయించుకోండి

హైదరాబాద్: పాతబస్తీలో 15, 20 ఏళ్లు దాటిన బళ్లు రోజూ తిరుగుతూనే ఉంటాయి. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్... ఇంజిన్ బాగుంటే చాలు, అబ్బా బండి కొడుకు చేతికి వస్తుంది. ఇంజిన్ మీద పెట్టే శ్రద్ధ మాత్రం ముందు ఫోర్క్ మీద ఎవరూ పెట్టరు. శాలిబండ గల్లీల్లో 20 స్పీడులో తెలియని లోపం, ఆరాంఘర్-జూపార్క్ ఫ్లైఓవర్ ఎక్కి 60 దాటగానే బయటపడుతుంది. వెనక అమ్మీ, ట్యాంకు మీద పిల్లాడు ఉంటే అది చిన్న విషయం కాదు.

మా ఇంట్లో పాత స్ప్లెండర్ బ్రేకు వేస్తే ‘టక్’ అనేది. షాకప్ పోయిందనుకుని రెండుసార్లు ఆయిల్, సీళ్లు మార్పించాం. తీరా చూస్తే లూజైంది హ్యాండిల్ కోన్ సెట్. డబ్బులు దండగ. అందుకే ఏది ముందు చూడాలో తెలిసి ఉండాలి.

ఫోర్క్ పని ఏమిటి?

ముందు రెండు పైపుల్లో స్ప్రింగ్, ఆయిల్ ఉంటాయి. గుంతలో పడితే స్ప్రింగ్ దెబ్బను మింగుతుంది. ఆయిల్ చిన్న రంధ్రాల గుండా పోతూ స్ప్రింగ్ ఎగిరెగిరి పడకుండా ఆపుతుంది. 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 బండికి పెట్టిన టెలిస్కోపిక్ ఫోర్క్ సూత్రమే ఇప్పటికీ మన బళ్లలో నడుస్తోంది.

ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు

* టైర్ గాలి: బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. స్ప్లెండర్ ముందు టైరుకు 25 పీఎస్ఐ. మిగతా బళ్లకు కంపెనీ పుస్తకంలో ఉన్నంత. అరిగి పగుళ్లు వచ్చిన టైరుతో ఏ రిపేరూ ఫలితం ఇవ్వదు.
* చక్రం: మెయిన్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి తిప్పండి. రిమ్ పక్కలకు ఊగితే బెండ్ తీయించాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే బేరింగ్ మీద అనుమానం.
* వెనక చక్రం: చైన్ బిగించే చోట రెండు వైపులా గీతలు సమానంగా ఉండాలి. వెనక చక్రం వంకరగా ఉన్నా హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది.

కోన్ సెట్

ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. ఇంకొకరు హ్యాండిల్ కింద, ఫ్రేముకు కలిసే చోట వేలు పెట్టాలి. ‘టక్’ అక్కడ తగిలితే కోన్ సెట్ లూజు. షాకప్ పైపు దగ్గర తగిలితే లోపల అరుగుదల. తర్వాత చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో ‘గుంటలో పడ్డట్టు’ ఆగితే రేసులకు గుంటలు పడ్డాయన్నమాట. అప్పుడు బిగిస్తే సరిపోదు, సెట్ మొత్తం మార్చి గ్రీజు పెట్టాలి. మరీ గట్టిగా బిగించినా ప్రమాదమే, బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తూగుతుంది. ఆట ఉండకూడదు, హ్యాండిల్ తన బరువుతో తాను పక్కకు వాలాలి.

ఆయిల్, సీళ్లు, స్ప్రింగులు

పైపు మీద జిడ్డు కనిపిస్తే సీల్ పోయినట్టు. ఒక్క వైపే కారినా రెండు వైపులా మార్పించాలి. పాత ఆయిల్ పూర్తిగా తీసి, కంపెనీ చెప్పిన గ్రేడు, చెప్పిన కొలత ప్రకారం రెండిట్లోనూ సమానంగా పోయాలి. బండి ఇంకా ఎగురుతుంటే గ్రేడు ఒక మెట్టు చిక్కనిది వాడొచ్చు. ఇంజిన్ ఆయిల్ పోయించకండి. మరీ చిక్కనైతే ఫోర్క్ బిగుసుకుని ప్రతి గుంతా చేతులకు తగులుతుంది. ఎక్కువ పోస్తే లోపలి గాలి ఒత్తిడికి కొత్త సీలు కూడా కారుతుంది. స్ప్రింగులను పక్కపక్కన పెట్టి పొడవు చూడండి. కుంగిపోతే జతగా మార్చాలి.

వంగిన పైపు

యాక్సిడెంట్ అయిన బండికి ఇది తప్పక చూడాలి. పైపు విప్పి గాజు పలక మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. క్రోమ్ లేచి తుప్పు గుంటలు పడితే ఎన్ని సీళ్లు వేసినా కోసేస్తుంది. జుమేరాత్ బజార్‌లో సెకండ్ హ్యాండ్ పైపు కొన్నా ఈ పరీక్ష చేయకుండా తేవద్దు. వెల్డింగ్ పైపు అసలే వద్దు. తిరిగి బిగించేటప్పుడు యాక్సిల్ పూర్తిగా టైట్ చేసే ముందు ఫోర్క్‌ను నాలుగైదుసార్లు కిందకు నొక్కమని ఉస్తాద్‌కు చెప్పండి. రెండు పైపులూ సమంగా కూర్చుంటాయి.

నడుస్తుండగా వణికితే

ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. హ్యాండిల్‌తో కుస్తీ పట్టకండి. మోకాళ్లతో ట్యాంకును బిగించి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. వెనక గ్యాస్ సిలిండరో, నీళ్ల క్యానో కట్టుకుంటే ముందు చక్రం తేలికై వణుకు ఇంకా పెరుగుతుంది.

15 ఏళ్లు నిండిన బండికి ఆర్సీ రెన్యువల్ ఐదేళ్లకోసారి. ఫోర్క్ అంతదాకా ఆగదు. వానలకు ముందొకసారి, వానలు పోయాక ఒకసారి చూపించుకుంటే చాలు.